తీసుకోని అప్పుకు ఒక్క రూపాయి కూడా కట్టకండి

ప్రశ్న: ఇంటి రుణానికి వెళితే, సిబిల్ రిపోర్టులో (అప్పుల చరిత్ర) నా పేరున రెండు యాప్ రుణాలు (రూ.38,000, రూ.62,000) బకాయి ఉన్నాయని బ్యాంకు ఫైలు ఆపేసింది. ఆ యాప్‌లు నేనెప్పుడూ వాడలేదు. నిరుడు ఈఎంఐలో ఫోన్ కొనేటప్పుడు షాపులో ఆధార్, పాన్ జిరాక్సులు ఇచ్చాను. వసూలు ఏజెంట్లు మా బావమరిదికి కూడా ఫోన్లు చేస్తున్నారు. ముప్పై వేలు కడితే సెటిల్ చేసి ఎన్‌ఓసీ (ఇక బకాయి లేదనే పత్రం) ఇస్తామంటున్నారు. పీడ వదుల్తుంది కదా, కట్టేయనా? - ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: వద్దు. కడితే ఆ అప్పు మీదేనని మీ చేతులతో మీరే రాసిచ్చినట్టు. పైగా రిపోర్టులో ‘సెటిల్డ్’ అని పడుతుంది. ఇంటి రుణం ఇచ్చేవాళ్లకు ఆ మాట ఎగవేతకు తమ్ముడిలాంటిది. ‘ఇది నా రుణం కాదు’ అని ఒక్కసారి రాతపూర్వకంగా చెప్పండి. తర్వాత ఏజెంటుతో ఫోన్లో వాదన పెట్టుకోకండి. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేసినా, బంధువులను వేధించినా అది ఆర్‌బీఐ నిబంధనల ఉల్లంఘనే. ఆ కాల్స్ రికార్డు చేసి పెట్టుకోండి.

మీ కేసంతా ఒక్క ప్రశ్న మీద నిలబడుతుంది: ఆ డబ్బు ఎవరి ఖాతాలో పడింది? ఆర్‌బీఐ 2022 సెప్టెంబరు 2న డిజిటల్ రుణాల మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారమైనా, 2025లో వాటి స్థానంలో వచ్చిన ఆదేశాల ప్రకారమైనా, కొన్ని మినహాయింపులు తప్ప, రుణం సొమ్ము నేరుగా అప్పు తీసుకున్న మనిషి ఖాతాకే వెళ్లాలి. కాబట్టి ఆ ఖాతా నంబరు రుణ సంస్థ దగ్గర ఉండి తీరాలి. యాప్ కేవలం మధ్యవర్తి, దానికి రాసి లాభం లేదు. సిబిల్ రిపోర్టులో రుణదాతగా కనిపించే బ్యాంకు లేదా ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ) ఫిర్యాదుల అధికారికి ఈమెయిల్ పంపండి. అదే లేఖను అందినట్టు రుజువుతో స్పీడ్ పోస్టులో కూడా పంపండి. అందులో ఇవి అడగండి: డబ్బు జమ చేసిన ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ, యూటీఆర్ నంబరు (ఆ డబ్బు బదిలీకి పడిన గుర్తింపు సంఖ్య), ఓటీపీ వెళ్లిన మొబైల్ నంబరు, కేవైసీలో తీసిన సెల్ఫీ లేదా వీడియో, ఒప్పందం మీది ఈ-సంతకం వివరాలు, ఐపీ చిరునామా (దరఖాస్తు ఏ ఇంటర్నెట్ కనెక్షన్ నుంచి వచ్చిందో చూపే నంబరు). సెల్ఫీలో మీ ముఖం లేదు, ఖాతా మీది కాదు అని తేలితే సంస్థ వాదన అక్కడితో కుప్పకూలుతుంది.

ఆ లేఖ పంపిన రోజే పోలీసులకు వెళ్లండి. సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు చేస్తే వచ్చే రసీదు నంబరును చాలామంది ఎఫ్‌ఐఆర్ అనుకుంటారు. అది ఎఫ్‌ఐఆర్ కాదు, బ్యాంకులు దాన్ని పెద్దగా లెక్కచేయవు. (సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయడం మీ ఖాతాలోంచి డబ్బు పోయిన వెంటనే బాగా పనికొస్తుంది, మీ సమస్య అది కాదు.) ఐటీ చట్టం 66సి (గుర్తింపు దొంగతనం), 66డి (కంప్యూటర్ సాయంతో మారుపేరు మోసం) సెక్షన్ల కింద ఎఫ్‌ఐఆర్ నమోదు చేయమని అడగండి. ఈ రెండింటికీ మూడేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా ఉంటాయి. ‘మా పరిధి కాదు’ అంటే బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173 కింద జీరో ఎఫ్‌ఐఆర్ హక్కు, అంటే పరిధితో పని లేకుండా ఏ స్టేషన్లోనైనా నమోదు చేయించుకునే హక్కు, గుర్తు చేయండి. అప్పటికీ నిరాకరిస్తే పోలీసు కమిషనర్‌కు పోస్టులో ఫిర్యాదు పంపండి, తర్వాత మెజిస్ట్రేటు దగ్గరికి వెళ్లవచ్చు.

ఇక క్రెడిట్ రిపోర్టు. సిబిల్ ఒక్కదాన్నే సరిచేయించుకుని ఊరుకుంటే చాలదు. అప్పుల చరిత్ర నమోదు చేసే సంస్థలు (క్రెడిట్ బ్యూరోలు) ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ కూడా ఉన్నాయి. నాలుగింటిలోనూ ‘ఈ ఖాతా నాది కాదు’ అని వివాదం నమోదు చేయండి. రిపోర్టులో చేరిన తెలియని ఫోన్ నంబరు, చిరునామా, రుణ విచారణలు (మీ పేరున అప్పు కోసం సంస్థలు రిపోర్టు చూసిన నమోదులు) కూడా తీసేయమనండి. చాలామంది ఇది మరిచిపోతారు. రుణదాత ఒప్పుకోకుండా బ్యూరోలు సొంతంగా ఏదీ మార్చవు. ముందు రుణదాతకు లేఖ రాయమన్నది అందుకే. ఫిర్యాదు 30 రోజుల్లో తేలకపోతే రోజుకు రూ.100 పరిహారం మీకు రావాలి. ఈ నిబంధన 2024 ఏప్రిల్ 26 నుంచి అమల్లో ఉంది. 30 రోజులు దాటినా, జవాబు తృప్తిగా లేకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు (ఫిర్యాదులు పరిష్కరించే అధికారి) ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయండి. రుసుం లేదు, లాయరు అక్కర్లేదు.

అసలు ప్రమాదం వేరేచోట ఉంది. వాట్సాప్‌లోనో ఈమెయిల్లోనో ‘ఆర్బిట్రేషన్ నోటీసు’ (కోర్టు బయట మధ్యవర్తి ముందు తీర్పు కోసం ఇచ్చే నోటీసు) వస్తే ఉత్తుత్తి బెదిరింపు అనుకుని వదిలేయకండి. మీరు పలక్కపోతే ఏకపక్షంగా అవార్డు (మధ్యవర్తి తీర్పు) ఇచ్చేస్తారు, అది కోర్టు డిక్రీలా అమలవుతుంది. దాన్ని సవాలు చేయడానికి, అవార్డు ప్రతి అందినప్పటి నుంచి మూడు నెలలే గడువు. తగిన కారణం చూపిస్తే కోర్టు మరో 30 రోజులు ఇవ్వగలదు, అంతే. ‘నేను ఏ ఒప్పందం మీదా సంతకం చేయలేదు’ అని వెంటనే రాసి, ఎఫ్‌ఐఆర్ ప్రతి జత చేయండి.

ఇకపై జిరాక్సు ఇస్తే దానికి అడ్డంగా ‘ఫలానా పనికి మాత్రమే’ అని తేదీతో రాయండి. చాలాచోట్ల చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ సరిపోతుంది. ఆధార్ బయోమెట్రిక్ (వేలిముద్ర, కంటిపాప వివరాలు) లాక్ చేయండి. 2018లో పెద్దపల్లి జిల్లాలో రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలతో నకిలీలు చేసి సిమ్ కార్డులు యాక్టివేట్ చేసిన ఉదంతం ఉంది. అందుకే లాక్ చేయమనేది. మీ పేరున ఎన్ని సిమ్‌లున్నాయో ప్రభుత్వ టెలికాం పోర్టల్ సంచార్ సాథీలో చూడండి. నాలుగు బ్యూరోలూ ఏడాదికి ఒకసారి ఉచిత రిపోర్టు ఇవ్వాలి. మూడు నెలలకొకటి చొప్పున తెప్పించుకుంటే ఏడాదంతా కాపలా కాసినట్టే. జీఎస్టీ పోర్టల్లో మీ పాన్ కొట్టి, మీకు తెలియని వ్యాపారం ఏదైనా దాని మీద నమోదై ఉందేమో ఇవాళే చూడండి.