కాలి రక్తనాళానికి లేజర్ చేయిస్తే ఎన్నేళ్లు నిలుస్తుంది?

మీది కర్నూలు అన్నారు. నాన్నగారికి షుగర్, బీడీ అలవాటు. కొండారెడ్డి బురుజు దగ్గర నాలుగడుగులు వేస్తే పిక్క పట్టేసి ఆగిపోతున్నారు. పూడిపోయిన కాలి ధమనిని లేజర్‌తో తెరిచాక, అది మళ్లీ మూసుకుపోతుందా అని మీ టెన్షన్.

మూసుకుపోవచ్చు. ఇది ఉబ్బిన సిరలకు చేసే లేజర్ కాదు, చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. ఇక్కడ సన్నని గొట్టం కొసన 308 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి పూడికను కరిగించి దారి చేస్తుంది. తర్వాత సాధారణంగా నాళాన్ని లోపలి నుంచి వెడల్పు చేసే చిన్న బెలూన్ కూడా వేస్తారు.

తొడ నాళంలో వేసిన స్టెంట్ (నాళం తెరిచి ఉంచే సన్నని వల గొట్టం) మళ్లీ పూడినప్పుడు దీని మేలు బాగా కనిపించింది. 2015లో వెలువడిన ఎక్సైట్ అధ్యయనంలో లేజర్‌తో పాటు బెలూన్ చేసినవారిలో 73.5 శాతం మందికి ఆరు నెలల దాకా అక్కడ మళ్లీ చికిత్స అవసరం పడలేదు. బెలూన్ ఒక్కటే అయితే 51.8 శాతం. కానీ ఆరు నెలలు దీర్ఘకాలం కాదు కదా. కొత్త పూడికల్లో ఏళ్ల తరబడి లేజరే మేలని గట్టి రుజువు లేదు.

నడిస్తేనే నొప్పి, పుండు లేదు అంటే ముందు మందులు, నడక గురించి డాక్టరును గట్టిగా అడగండి. నొప్పి వచ్చేదాకా నడవాలి, ఆగాలి, తగ్గాక మళ్లీ నడవాలి. బీడీ మాత్రం ఈరోజే మాన్పించండి, లేజర్ చేసినా చేయకపోయినా. రోజూ రాత్రి కాలి వేళ్ల సందుల్లో పుండు ఉందేమో లైటు వేసి చూడండి. పుండు మానకపోయినా, పడుకున్నా నొప్పి ఉన్నా ఆలస్యం వద్దు. కాలు హఠాత్తుగా చల్లబడి పాలిపోతే ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకెళ్లండి.