డచ్ నేర్చుకోబోతున్న స్రవంతికి

చి.సౌ. స్రవంతికి,

పిన్ని దీవెనలు. నెదర్లాండ్స్‌లో మా ఊరు ఐన్‌ధోవెన్ వచ్చేలోపే ఇక్కడి భాష డచ్ మొదలుపెడతానన్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం తల్లీ. ఇక్కడ దాదాపు అందరికీ ఇంగ్లీషు వచ్చు, ఆఫీసులో దాంతోనే గడిచిపోతుంది. కానీ పక్కింటావిడతో నాలుగు మాటలు కలపాలంటే వాళ్ల భాష రావాల్సిందే. రేపు పౌరసత్వం కావాలన్నా భాష పరీక్ష తప్పదు.

గ్రామర్ పుస్తకం కాస్త ఆగనీ, ముందు అంకెలు పట్టు. ఇరవై దాకా పెద్ద పనేం కాదు: ఏన్, ట్వే, డ్రీ, ఫీర్... చిక్కంతా ఆ తర్వాతే. 24ని మనం ఇరవై నాలుగు అంటాం, వీళ్లు ‘ఫీరెన్‌ట్వింటిఖ్’ అంటారు, అంటే నాలుగూ ఇరవై. సంతలో టమాటాలు 2.95 యూరోలైతే ‘ట్వే ఫైఫెన్నేఖెన్‌టిఖ్’ అంటాడు. నీ చెవిన రెండు, ఐదు, తొంభై అని పడుతుంది. ఫోన్ నంబర్లు కూడా జంటలుగా ఇలాగే చెబుతుంటారు. వింటూ వింటూ రాసేస్తే అంకెలు తారుమారవుతాయి, జంట పూర్తయ్యాకే రాయి. టైముతో ఇంకా జాగ్రత్త. ‘హాల్ఫ్ డ్రీ’ అంటే మూడున్నర కాదు, రెండున్నర! డాక్టర్ అపాయింట్‌మెంట్ ఇలాగే పోగొట్టుకుంటారు కొత్తవాళ్లు. ‘ట్వింటిఖ్’ లాంటి మాటల చివర వచ్చే ‘ఖ్’ గొంతులోంచి గీరుకుంటూ రావాలి, పాతబస్తీలో ‘ఖబర్’ అన్నట్టు.

ఏ మాట నేర్చినా దాని ముందుండే, ఇంగ్లీషు ‘the’ లాంటి ‘డ’ లేదా ‘హెట్’తో కలిపే నేర్చుకో: డ టాఫెల్ (బల్ల), హెట్ బూక్ (పుస్తకం). ఏది ఎందుకని తల బద్దలు కొట్టుకోకు. బహువచనమైతే ఎప్పుడూ ‘డ’, అది మాత్రం గుర్తుంచుకో.

మామూలు వాక్యంలో క్రియ రెండో చోటు వదలదు. ‘రేపు వస్తాను’ అనాలంటే ‘మోర్ఖెన్ కోమ్ ఇక్’, రేపు-వస్తాను-నేను. ‘ఒమ్‌డాట్’ (ఎందుకంటే) వచ్చిందా, క్రియ చివరికి పోతుంది: ‘ఒమ్‌డాట్ ఇక్ జీక్ బెన్’, నాకు ఒంట్లో బాగాలేదు కనక. క్రియ చివర్న ఉండటం మనకి పుట్టుకతో అలవాటే, భయపడకు.

నువ్వు తడబడగానే ఎదుటివాళ్లు ఇంగ్లీషులోకి మారిపోతారు, సాయం చేద్దామనే. చిన్నబుచ్చుకోకుండా ‘ఇక్ విల్ ఖ్రాఖ్ నేడర్‌లాండ్స్ ఊఫెనెన్’ అను. డచ్ ప్రాక్టీస్ చేయాలనుంది అని. చాలామంది నీకోసం నిదానంగా మాట్లాడతారు.

ఈ వారంలో ఇరవై నుంచి వంద దాకా చదివి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టు. ఆదివారం విని తప్పులు చెబుతాను.

ప్రేమతో,
పిన్ని