బిడ్డ తల సొట్ట పడిందా? హెల్మెట్ కంటే ముందు మెడ చూడండి

హైదరాబాద్ నుంచి అమెరికా వచ్చి కాపురం పెట్టిన జంటలకు, బిడ్డ రెండో నెల చెకప్‌లో పీడియాట్రీషియన్ నోట ‘ప్లేజియోసెఫలీ’ అన్న మాట వినగానే గుండె జారిపోతుంది. తల వెనక ఒక పక్క చదునైందని అర్థం. మెత్తని పుర్రె గంటల తరబడి ఒకేచోట ఆనడం వల్ల వచ్చే సొట్ట ఇది. మెదడుకు దీంతో ముప్పు లేదు.

పురిటికి వచ్చిన అమ్మమ్మ వెంట తెచ్చిన ఆవాల దిండు మాత్రం బీరువాలో పెట్టేయండి. పడుకున్న బిడ్డ తల కింద దిండు ఉంటే ఊపిరాడకపోయే ప్రమాదం ఉంది. తల గుండ్రంగా రావడానికని అమ్మే దిండ్లు వాడొద్దని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2022లో హెచ్చరించింది కూడా. చదును పోతుందని బోర్లా నిద్రపుచ్చకండి. నూనె మర్దన అమ్మమ్మ చేతి మీదే సాగనివ్వండి, తలను ఒత్తి సరిచేయడం ఒక్కటి వద్దని చెప్పండి.

స్నానం అయ్యాక, జుట్టు తడిగా ఉండగా బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని నడినెత్తి మీదుగా చూడండి. చదునైన వైపు చెవి, నుదురు కాస్త ముందుకు జరిగి ఉంటే అది పడుకోవడం వల్ల వచ్చినదే. అలా కాకుండా చెవి వెనక్కి పోయినా, ఎముకల అతుకు మీద గట్టులా చేతికి తగిలినా ఆలస్యం చేయకండి. అతుకులు ముందే మూసుకుపోయే జబ్బు కావచ్చు, దానికి న్యూరోసర్జన్ చూడాలి.

ఎటు పిలిచినా బిడ్డ ఒకవైపే తిరుగుతుంటే మెడ కండరం పట్టేసి ఉండవచ్చు. దీన్నే టార్టికాలిస్ అంటారు. ఫిజియోథెరపిస్ట్ దగ్గర మెడ సాగదీసే పద్ధతి నేర్చుకుని, డైపర్ మార్చిన ప్రతిసారీ చేయండి. మెడ సంగతి చూడకుండా, తల ఆకారం సరిచేసే హెల్మెట్ పెడితే, తీసిన రోజు నుంచి బిడ్డ మళ్లీ అదే పక్కకు ఒరుగుతాడు. బిడ్డ వెలుతురు వైపు, మీ వైపు తిరుగుతాడు కాబట్టి క్రిబ్‌లో తల పెట్టే దిక్కు రోజూ మార్చండి. మెలకువగా ఉన్నప్పుడు బోర్లా వేయండి: మొదట్లో రోజుకు రెండు మూడు సార్లు, మూడు నుంచి ఐదు నిమిషాలు చాలు. కార్ సీట్ కారులోనే ఉండాలి, ఇంట్లో అదే ఉయ్యాల కాకూడదు.

ఇంత చేసినా నాలుగో నెలకు తగ్గకపోతే తల ఆకారం కొలిచే స్కాన్ తీయించండి. ఐమూలగా తీసిన రెండు కొలతల తేడాను శాతంగా చెబుతారు. 3.5 లోపు మామూలే. సాధారణంగా 6.25 దాటాకే హెల్మెట్ మాట వస్తుంది. నెదర్లాండ్స్‌లో 84 మంది పిల్లల మీద చేసి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక మోస్తరు నుంచి ఎక్కువ చదును ఉన్నవాళ్లలో కూడా రెండేళ్ల వయసుకు హెల్మెట్ పెట్టినవారికీ పెట్టనివారికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మరీ తీవ్రమైన చదును ఉన్నవాళ్లనూ, టార్టికాలిస్ ఉన్నవాళ్లనూ అందులో చేర్చలేదు. కాబట్టి కొద్దిపాటి సొట్టకు వేల డాలర్లు పోయకండి, ఎక్కువగా ఉంటే మాత్రం నాలుగు నుంచి ఆరు నెలల మధ్యే మొదలుపెట్టండి. ఏడాది దాటాక తల పెరిగే వేగం తగ్గి ఫలితం పలచబడుతుంది. ఇన్సూరెన్స్‌కు ఫోన్ చేసినప్పుడు హెల్మెట్ బిల్లింగ్ కోడ్ ‘ఎస్1040’ చెప్పి అడగండి. పడుకునే తీరు మార్చి చూశామని డాక్టర్ నోట్‌లో లేకపోతే చాలా ప్లాన్లు తిప్పికొడతాయి.

హెల్మెట్ మొదటి రోజు గంట పెట్టి గంట తీస్తారు. అలా పెంచుకుంటూ వారంలో 23 గంటలకు తెస్తారు. మిగిలిన గంట స్నానానికి. తీసినప్పుడు కనిపించే ఎరుపు గంటలోపు పోవాలి. పోకపోతే మళ్లీ పెట్టకుండా, హెల్మెట్ అమర్చే నిపుణుడైన ఆర్థోటిస్ట్‌కు చూపించి ఆ చోట ఫోమ్ అరగదీయించండి. లోపలివైపు రోజూ రబ్బింగ్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరాకే పెట్టండి. ఆ నెలల్లో తలకు కొబ్బరినూనె, పౌడర్ బంద్. ఫోమ్ నూనె పీల్చుకుని కంపు కొడుతుంది, చర్మం పొక్కుతుంది. జ్వరం వస్తే తీసేయండి.

రెండు మూడు వారాలకోసారి సర్దుబాటు ఉంటుంది. అన్నప్రాశనకని మే నెలలో హైదరాబాద్ టికెట్లు కొనేముందు ఆ తేదీలు చూసుకోండి. నలభై డిగ్రీల ఎండలో హెల్మెట్‌తో బిడ్డ చెమటకు తడిసిపోతాడు, బిగుతైతే సరిచేయడానికి మీ ఆర్థోటిస్ట్ అక్కడ ఉండరు. పుట్టువెంట్రుకలు తీయిస్తే హెల్మెట్ వదులవుతుంది, కుదిరితే స్కాన్‌కు ముందే ఆ మొక్కు తీర్చుకోండి.