సంపెంగ పైనుంచి ఎండుతుంటే మొదట వేరును చూడాలి

ప్రశ్న: మా పెరట్లోని సంపెంగ చెట్టుకు 14 ఏళ్లు. నేల నల్లరేగడి. రెండేళ్ల క్రితం పెరడు ఎత్తు పెంచడానికి చెట్టు చుట్టూ అడుగున్నర మట్టి పోసి, మొదలు దాకా సిమెంటు గచ్చు చేయించాం. నిరుటి నుంచి కొత్త ఆకులు పసుపు రంగుకు తిరుగుతున్నాయి, చిటారు కొమ్మలు ఎండుతున్నాయి, పూత సగానికి పడిపోయింది. యూరియా వేసినా ఫలితం లేదు. తల నరికితే చిగురిస్తుందంటున్నారు. నరకమంటారా? పక్కన మరో మొక్క పెట్టాలంటే విత్తనం మంచిదా, అంటు మంచిదా?
– ఒక రైతు, పల్నాడు జిల్లా

జవాబు: తల నరకవద్దు. సంపెంగ దశాబ్దాల తరబడి బతికే చెట్టు. 14 ఏళ్లంటే దానికి పడుచు వయసే. మీ ప్రశ్నలోనే జవాబు సగం ఉంది. సంపెంగ వేర్లు కండగలిగి, మెత్తగా ఉంటాయి. నీటిని, పోషకాలను తీసుకునే సన్నని పీచు వేర్లు ఎక్కువగా పైపొరలోనే పరుచుకొని, మట్టి రేణువుల సందుల్లోని గాలితో బతుకుతాయి. వాటి మీద అడుగున్నర మట్టి, దానిపైన గచ్చు పడేసరికి ఆ గాలి అందక అవి క్రమంగా చనిపోయాయి. వేరు తగ్గిన చెట్టు అన్ని కొమ్మలకూ నీరు పంపలేదు కనుక అన్నిటికంటే దూరాన ఉన్న చిటారు కొమ్మలను ముందుగా వదులుకుంటుంది. ఇలాంటి చెట్టు తల నరికితే ఆకులు తయారుచేసే ఆహారం కూడా పోయి, ఉన్న వేర్లూ కృశిస్తాయి.

ముందుగా గచ్చును మొదలు చుట్టూ కనీసం ఒక మీటరు మేర, వీలైతే రెండు మీటర్ల మేర పగలగొట్టించి, పోసిన మట్టిని చిన్న తొలికతో, వేర్లు తెగకుండా, పాత నేలమట్టం వరకు తీయండి. సహజంగా పెరిగిన చెట్టు మొదలు నేలను తాకే చోట వేర్ల వైపు వెడల్పుగా విప్పారి ఉంటుంది. ఆ భాగం కనిపించేవరకు తీస్తే చాలు. మట్టిలో కప్పబడిన బెరడు మెత్తబడి కుళ్లిన చోట, కుళ్లును గీకి శుభ్రం చేసి బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం నీటితో కలిపిన ముద్ద) పూయండి. లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదలు చుట్టూ పోయండి. తీసిన చోటు గుంటలా మారి వాననీరు నిలవకుండా ఒక పక్కకు కాలువ తప్పనిసరి. సింహాచలం సంపెంగలకు అంత పేరుందంటే, ఆ కొండవాలులో నీరు నిలవకపోవడం కూడా అందుకు తోడ్పడుతుందని నా అభిప్రాయం.

ఇక ఆకుల సంగతి. ముదురు ఆకులు ముందుగా పసుపెక్కితే నత్రజని లోపమని అనుమానించవచ్చు. మీ చెట్టుకు లేత ఆకులు పసుపెక్కుతున్నాయి. ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉంటే అది ఇనుపధాతు లోపం. పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు రాయినిచ్చే ప్రాంతం మీది. సున్నం ఎక్కువైన నేలలో ఇనుము ఉన్నా వేరుకు అందే రూపంలో ఉండదు, సిమెంటు నుంచి ఊరే సున్నం దానికి తోడవుతుంది. యూరియా ఈ లోపాన్ని తీర్చదు కనుక ఆపేయండి. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, అప్పటికప్పుడు, సాయంత్రం వేళ లేత ఆకులు తడిసేలా పది రోజుల వ్యవధిలో రెండు మూడు సార్లు పిచికారీ చేయండి. తొలకరిలో 20 కిలోల చివికిన పశువుల ఎరువును మొదలుకు తగలకుండా, కొమ్మల నీడ పడే మేర చల్లి, ఎండుటాకులు కప్పండి. వేసవిలో రోజూ చెంబెడు నీళ్లు పోసేకన్నా వారానికొకసారి లోతుగా తడపడం మేలు.

ఎండిన కొమ్మలను మాత్రం తీయవచ్చు. గోటితో బెరడు గీకితే లోపల ఆకుపచ్చ పొర కనిపించిన కొమ్మ బతికి ఉన్నట్టే, దాన్ని వదిలేయండి. గోధుమరంగుకు మారినదాన్ని కోసి, కోతకు బోర్డో పేస్టు రాయండి; సంపెంగకు గాయం తొందరగా మానదు. ఆకులు తినే ఆకుపచ్చ గొంగళిపురుగులు కొన్ని కనిపిస్తే మందు కొట్టనక్కరలేదు, అవి సీతాకోకచిలుక పిల్లలు. ఇంత చెట్టుకు అదొక లెక్క కాదు.

కొత్తగా పెట్టడానికి అంటు మొక్కే మంచిది. విత్తనపు మొక్క పూతకు రావడానికి ఏడెనిమిదేళ్లు పట్టవచ్చు, అంటు రెండు మూడేళ్లకే పూస్తుంది. కడియం నర్సరీల నుంచి తెచ్చినా, మరెక్కడ తెచ్చినా అంటు కట్టిన చోటు మట్టిలో కూరుకుపోకుండా నాటాలి. విత్తనమే కావాలంటే, కాయ పగిలి ఎర్రని గింజ బయటపడగానే పైకండను బూడిదతో రుద్ది కడిగి వెంటనే విత్తండి, నిల్వ ఉంచితే మొలకశక్తి త్వరగా పోతుంది. తెల్ల సంపెంగ గింజ కట్టడం చాలా అరుదు, దానికి అంటు మొక్కే దారి.

వేరు తిరిగి అల్లుకోవడానికి రెండు వానాకాలాలైనా పడుతుంది కనుక ఈ ఏడు పూత పెరగలేదని మళ్లీ యూరియా సంచి విప్పవద్దు. ఈలోగా పెరటి మట్టిని, బోరు నీటిని పరీక్ష చేయించి ఆ ఫలితాలు పంపితే, నీటిలో సున్నం, ఉప్పు ఎంతున్నాయో చూసి తర్వాతి మోతాదు చెప్పగలం.