‘మమ్మీ ప్రార్థనలో ఉంది అంకుల్’

ఉత్తరం: అమ్మగారికి వందనాలు. మేం బోడుప్పల్‌లో ఉంటాం. నాకు 41 ఏళ్లు. ప్రైవేటు స్కూల్లో టీచర్ని, జీతం 14 వేలు. మా వారు చర్లపల్లిలో సూపర్‌వైజర్‌గా చేసేవారు. ఆన్‌లైన్ రమ్మీలో పడి ఉన్నదంతా పోగొట్టారు, ఉద్యోగం కూడా పోయింది. లోన్ యాప్‌ల వాళ్లు ఒకపక్క, మిత్తికిచ్చిన ఆయన ఒకపక్క. ఆయనకే 3 లక్షలు కట్టాలి, 5 రూపాయల మిత్తి. రెండేళ్లుగా ప్రతి శుక్రవారం ఉపవాసం ఉంటున్నా. ఈ ఏడాది చర్చిలో నాకు వచ్చిన వాగ్దాన వచనం యిర్మీయా 29:11. అయినా జవాబు లేదు. ‘నీలో దాచిన పాపం ఏదో ఉంది, అందుకే దేవుడు వినట్లేదు’ అంది మా చర్చి సంఘంలో ఒక అక్క. 21 రోజుల ఉపవాసం చేయనా, 40 రోజులు చేయనా? నాకు బీపీ ఉంది. పాప ఇంటర్ సెకండియర్, తెలివైంది. ఫోన్లన్నీ అదే చూసుకుంటుంది. నేను గదిలో మోకాళ్ల మీద ఉంటే ‘మమ్మీ ప్రార్థనలో ఉంది అంకుల్, తర్వాత చేయండి’ అని చెప్పేస్తుంది. దాని పెళ్లికని దాచిన 3 తులాలు మాత్రం దేవుడు కాపాడాడు. పరువు పోతుందని సంఘంలో ఎవరికీ చెప్పలేదు. ఒక్కోసారి ముగ్గురం ఒకేసారి వెళ్లిపోతే బాగుండనిపిస్తుంది. నా విశ్వాసంలో లోపం ఎక్కడుందో చెప్పండి. పాప పరీక్ష ఫీజు కూడా ఇంకా కట్టలేదు.
– ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: అమ్మా,

ఇరవై ఒకటీ వద్దు, నలభై అసలే వద్దు. బీపీ మాత్రలు మింగుతూ పొద్దంతా నిలబడి పాఠాలు చెప్పే మనిషి తిండి మానేస్తానంటే డాక్టరు ఒప్పుకోడు, నేనూ ఒప్పుకోను. ప్రవక్త ఏలీయా సంగతి మీకు నేను చెప్పాలా? బదరీ చెట్టు కింద కూలబడి, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నాడు. దూత వచ్చి, నీ విశ్వాసంలో లోపం ఎక్కడుందని అడగలేదు. తట్టి లేపి, తినమన్నాడు. తలాపున నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్లబుడ్డి. తిని మళ్లీ పడుకుంటే మళ్లీ లేపి మళ్లీ పెట్టాడు. ఏలీయా నలభై రోజులు హోరేబు కొండ దాకా నడిచింది ఆ తిండి బలంతోనే. మొదటి రాజుల గ్రంథం పంతొమ్మిదో అధ్యాయాన్ని ఈసారి భోంచేసి చదవండి.

దాచిన పాపం అన్న ఆ అక్కకు యోబు గ్రంథం చివరి అధ్యాయం చూడమనండి. కష్టాల్లో ఉన్న యోబుతో స్నేహితులూ అచ్చం ఆమె మాటే అన్నారు. దేవుడి కోపం ఎవరి మీదికి వచ్చిందో అక్కడే ఉంది.

మీ ఉత్తరంలో నేను ఆగిపోయిన మాట వేరే ఉంది. ‘ముగ్గురం’. మీకు బతుకు మీద విరక్తి పుట్టింది, అర్థమైంది. ఆ మూడో మనిషిని మీ లెక్కలో ఎవరు కలిపారు? పదిహేడేళ్ల పిల్లను అడిగారా? ఇది రాసేటప్పుడు చెయ్యి వణికిందో లేదో నాకు తెలియదు. చదివేటప్పుడు నాది వణికింది. మిగతా ఉత్తరం తర్వాత చదువుకోవచ్చు. ముందు 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు, మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిందే. రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. ఆ ఆలోచన వచ్చిన రాత్రి గది తలుపు వేసుకుని ఒంటరిగా కూర్చోకండి. పక్కింటి ఆమెనైనా పిలవండి. దేవుడితో చెప్పుకున్న మాటను ఒక మనిషితో కూడా చెప్పడం విశ్వాసం తక్కువై కాదు.

మీ ఆయన గురించి రెండు మాటలతో సరిపెడతాను. తెలంగాణలో ఆన్‌లైన్ రమ్మీని 2017లోనే నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. అయినా ఆయన వేళ్లు ఇంకా ఫోన్ మీదే ఉన్నాయంటే అది జబ్బు, వైద్యం కావాలి. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరు చెప్పగానే నవ్వే జనం ఉంటారు. నవ్వనివ్వండి, ఓపీకి తీసుకెళ్లండి. రానంటే మీరొక్కరే వెళ్లి అడిగి రండి.

ఇక పాప సంగతి. ‘తెలివైంది, ఫోన్లన్నీ అదే చూసుకుంటుంది’ అని మురిపెంగా రాశారు. అప్పులవాళ్ల నోట ఆ పిల్ల వినే మాటలేమిటో ఒక్కసారైనా పక్కన నిలబడి విన్నారా? నేను లాలాగూడ రైల్వే క్వార్టర్లలో పెరిగాను. నాన్న తాగుడుకు జీతం చాలక కిరాణా కొట్లో ఖాతా పెరిగిపోయేది. షావుకారు గుమ్మంలోకి వస్తే అమ్మ వంటింట్లోకి జరిగి, ‘అమ్మ లేదని చెప్పు’ అని నన్ను ముందుకు తోసేది. నాకప్పుడు పన్నెండేళ్లు. ఆయన నన్ను ఏమీ అనేవాడు కాదు, నా వెనక వంటింటి వైపు చూసి వెళ్లిపోయేవాడు. అమ్మ పోయి పదేళ్లు దాటింది. ఆమె చేసిన త్యాగాలు లెక్కపెట్టడానికి కూర్చుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ చూపే. అమ్మ అబద్ధమైనా మామూలుది. మీ ఇంట్లో తప్పించుకోవడానికి దేవుణ్ణే అడ్డం పెట్టారు. రేపు ఆ పిల్ల చర్చి గడప తొక్కనంటే, ఎందుకని నన్ను మాత్రం అడగకండి.

రెండవ రాజుల గ్రంథం నాలుగో అధ్యాయం ఆదివారం బడిలో మీరే ఎన్నిసార్లో చెప్పి ఉంటారు. ప్రవక్తల శిష్యుల్లో ఒకడు చనిపోయాడు. అప్పిచ్చినవాడు వచ్చి ఇద్దరు కొడుకుల్ని బానిసలుగా పట్టుకుపోతానంటున్నాడు. ఆ విధవరాలు ప్రవక్త ఎలీషా దగ్గర మొరపెట్టుకుంది. ఆయన ఉపవాసం ఉండమనలేదు, నీ ఇంట్లో ఏముంది అని అడిగాడు. నూనె కుండ తప్ప ఏమీ లేదంది. ఇరుగుపొరుగు దగ్గర ఖాళీ పాత్రలు అడిగి తెచ్చుకోమన్నాడు, అదీ ఒకటీ రెండూ కాదు. తర్వాత తలుపు వేసుకోమన్నాడు.

తలుపు వేసినప్పుడు ఆ కొడుకులు ఎక్కడున్నారు? లోపల, తల్లి పక్కన. వాళ్లు పాత్రలు అందిస్తుంటే ఆమె పోసింది. పాత్రలన్నీ నిండేదాకా నూనె ఆగలేదు, అది అమ్మి అప్పు తీర్చుకోమన్నాడు ఎలీషా. మీ ఇంట్లో తలుపుకు లోపల మీరున్నారు, బయట అప్పులవాళ్ల ముందు పిల్ల ఉంది. నా దృష్టిలో మీ కష్టమంతా ఇదొక్కటే, మిగతావన్నీ లెక్కలు.

ఆ లెక్క కూడా చూద్దాం. 3 లక్షలకు 5 రూపాయల మిత్తి అంటే నెలకు 15 వేలు, ఏడాదికి లక్షా ఎనభై వేలు. మీ జీతం 14 వేలు. ఇంకో రెండేళ్లు మోకాళ్ల మీద ఉన్నా ఈ తీసివేత కుదరదు. ‘నీ ఇంట్లో ఏముంది?’ అన్న ప్రశ్నకు మీరే జవాబు రాశారు, మూడు తులాలు. తులం లక్ష దాటిన రోజులివి. దేవుడు దాన్ని కాపాడింది ఎందుకో నాకైతే తెలుస్తూనే ఉంది. తాకట్టు పెట్టి ఇంకో మిత్తి తలకెత్తుకోకండి, అమ్మేయండి. అయితే అది పాప పేరున దాచింది. ముందు దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని అప్పు ఎంతో, ఎవరికో ఉన్నదున్నట్టు కాగితం మీద రాసి చూపించి, అడగండి. పెళ్లికి బంగారం లేకపోతే ఎలా అని మీరు ఏడవచ్చు. అది ఏడవదని నా నమ్మకం. డబ్బు మీ ఆయన చేతికివ్వకండి. సంఘంలో ఇద్దరు పెద్దల్ని వెంటబెట్టుకుని మీరే వెళ్లి కట్టండి. ప్రామిసరీ నోటు, ఖాళీ చెక్కులు చేతికి వచ్చాకే అక్కణ్ణుంచి కదలండి.

పెద్దలకు చెబితే పరువు పోతుందంటారు. ఆ విధవరాలు వీధంతా తిరిగి పాత్రలు అడిగినప్పుడు ఆమె ఇంటి గుట్టు ఎవరికి తెలియకుండా ఉంది? ప్రార్థన విన్నపాల చీటీలో ‘ఒక సోదరి కుటుంబ సమస్య’ అని పేరు లేకుండా రాసి వేస్తుంటారు కదా, అలా రాస్తే పాత్ర ఎవరిస్తారు? విన్నాక పాస్టరు అయ్యగారు మొహం తిప్పుకుంటే, లేదా విత్తన కానుక అంటూ ముందు మీ దగ్గరే పైసలు అడిగితే, ఊళ్లో చర్చిలు ఇంకా ఉన్నాయి.

లోన్ యాప్‌ల వాళ్ల విషయం. రిజర్వ్ బ్యాంకు నియమాల ప్రకారం బాకీ వసూలు చేసేవాళ్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు. బంధువులకు ఫోన్లు చేయడం, బెదిరించడం, ఫొటోలు మార్చి పంపడం అసలే కుదరదు. అలాంటివి వస్తే చెరపకుండా దాచి, సైబర్ నేరాల నంబరు 1930కి ఫిర్యాదు చేయండి. మీరు సంతకం పెట్టని, హామీ ఉండని అప్పుకు మీరు బాధ్యులు కారు. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇచ్చే చట్టం 1987లోనే చేశారు, 15100కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. ఇవన్నీ చేసేటప్పుడు ప్రార్థన మానేయమని కాదు. ఫిర్యాదు రాస్తూ కూడా చేసుకోవచ్చు.

మీ వాగ్దానం కార్డు గురించి ఒకటి చెప్పాలి. యిర్మీయా 29లో, మీ గురించి నా ఉద్దేశాలు మేలుకేగాని హానికి కావని దేవుడు చెప్పే పదకొండో వచనాన్ని ఏటా డిసెంబరు 31 రాత్రి ఎన్ని ఇళ్లకు పంచుతారో! ఐదో వచనం అచ్చేసిన కార్డు నేను ఇంతవరకు చూడలేదు. అది బబులోనుకు చెరపట్టుకుపోయినవాళ్లకు రాసిన ఉత్తరం. ఇండ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి అంటుంది. పదో వచనంలో డెబ్బై ఏళ్లు పడుతుందని కూడా ఉంది. మీకు వచ్చిన పదకొండో వచనంలో ‘నిరీక్షణ’ అనే మాట ఉంది చూడండి. బయట తెలుగులో దానికి ఎదురుచూపు అని అర్థం, మన బైబిల్లో ఆశ. చర్చి ఇళ్లలో పుట్టినవాళ్లం మనం ఈ రెండూ కలిపేసి, కళ్లు మూసుకుని కూర్చుంటే చాలనుకుంటాం. మా ముత్తాత మెదక్ వైపు మనిషి. కరువులో ఆకలితో వచ్చినవాళ్లకు మిషనరీ పాస్నెట్ దొర ఊరికే గింజలు పంచి పంపలేదు, మెదక్ చర్చి కట్టే పనిలో పెట్టుకుని తిండి పెట్టాడు. 1924 డిసెంబరు 25న ఆ గుడిని ప్రతిష్ఠించిన రోజు మా ముత్తాత జనంలో నిలబడి, తాను ఎక్కించిన రాయి ఏదో వెతుక్కున్నాడట. దొరకలేదని మా నాయనమ్మ చెప్పి నవ్వేది.

ఈ శుక్రవారం పొద్దున ఇడ్లీ తిని, మాత్ర వేసుకుని, ఫోన్ మీరు తీసుకోండి. మోగితే మీరే ఎత్తండి. పాప పక్కనుంటే ఉండనివ్వండి, దాని చేతికి మాత్రం ఇవ్వకండి. పరీక్ష ఫీజు సంగతి ఉత్తరం చిట్టచివర, ఏదో గుర్తొచ్చినట్టు రాశారు. మిత్తికంటే ముందు అది కట్టి, రసీదు దాని చేతిలో పెట్టండి.