ఉమ్మనీరు ఎక్కువైతే బిడ్డకు ప్రమాదమా?

ప్రశ్న: నా వయసు 28. ఇప్పుడు 31వ వారం. మొన్న స్కానింగ్‌లో ఏఎఫ్ఐ (ఉమ్మనీటి కొలత) 27 వచ్చింది, ఉమ్మనీరు ఎక్కువగా ఉందన్నారు. నీళ్లు తాగడం తగ్గించమంటున్నారు మా అత్తగారు. బిడ్డకు ఏమైనా అవుతుందా? చాలా టెన్షన్‌గా ఉంది.
- ఓ పాఠకురాలు, కరీంనగర్

జవాబు: నీళ్లు మాత్రం మానకండమ్మా. దాహం చంపుకుని కూర్చుంటే ఉమ్మనీరు తగ్గదు, మీకు నీరసం, మలబద్ధకం వస్తాయంతే.

ఈ నెలల్లో ఉమ్మనీరంటే చాలావరకు బిడ్డ మూత్రమే. బిడ్డ దాన్ని మింగుతూ, మళ్లీ పోస్తూ ఉంటుంది. తల్లికి షుగర్ ఎక్కువుంటే బిడ్డ మూత్రం ఎక్కువ పోస్తుంది, అన్నవాహికలోనో చిన్నపేగులోనో అడ్డుంటే మింగింది కిందికి దిగదు, ఎలాగైనా నీరు పెరుగుతుంది. బిడ్డకు రక్తం తక్కువున్నా ఇలా కావచ్చు. తల్లిది నెగెటివ్ బ్లడ్ గ్రూపు అయితే ఒక్కోసారి బిడ్డకు రక్తం తగ్గుతుంది, అందుకే మీదీ అదే అయితే డాక్టర్‌కు గుర్తు చేయండి. అయితే 27 అంటే కొద్దిగా పెరిగినట్టే, 35 దాటితే తీవ్రమంటాం. మీలాంటి వాళ్లలో చాలామందికి ఎంత వెతికినా కారణం దొరకదు, బిడ్డ కూడా బాగానే పుడుతుంది.

షుగర్ పరీక్ష ఐదో నెలలో నార్మల్ వచ్చిందని వదిలేయొద్దు. 75 గ్రాముల గ్లూకోజ్ తాగి రెండు గంటలకు చేసే పరీక్ష మళ్లీ చేయించుకోండి, 140 లేదా అంతకంటే ఎక్కువ వస్తే చికిత్స మొదలుపెట్టాలి. బిడ్డ అవయవాలను వివరంగా చూసే స్కాన్ కూడా అవసరం.

అసలు జాగ్రత్త నీరు పోయినప్పుడు. నెలలు నిండకముందే నొప్పులు రావచ్చు, ఉమ్మనీరు పోవచ్చు. బిడ్డ తల కుదురుకోకముందే నీరు ఒక్కసారిగా పోతే దాంతోపాటు బొడ్డుతాడు జారి నలిగిపోవచ్చు, అప్పుడు బిడ్డకు రక్తం అందదు. కాబట్టి నీరు పోగానే స్నానం చేసి, చీర మార్చుకుని, ఆటో కోసం వీధి చివరిదాకా నడవడం లాంటివి వద్దు. ఎడమ పక్కకు తిరిగి పడుకుని 108కి ఫోన్ చేయించండి. పొట్ట మాటిమాటికీ గట్టిపడుతున్నా, పడుకుంటే ఊపిరాడకపోయినా, బిడ్డ కదలిక తగ్గినా ఆ రోజే వెళ్లాలి.

బాగా సాగిన గర్భసంచి కాన్పయ్యాక సరిగా ముడుచుకోక రక్తం ఎక్కువ పోవచ్చు. రక్తం, ఆపరేషన్ థియేటర్, పిల్లల డాక్టర్ ఉన్న ఆస్పత్రిని ఇప్పుడే చూసుకోండి. పుట్టిన బిడ్డకు పొట్టలోకి సన్నని గొట్టం వేసి అన్నవాహిక బాగుందో లేదో చూశాకే పాలు పట్టిస్తారు. తేనె చుక్క నాకించొద్దని (ఆ మాటకొస్తే ఏ పసిబిడ్డకైనా నాకించకూడదు) ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి పెట్టండి.