ఎన్‌ఎస్‌ఎస్‌లో చేసిన సేవకు గుర్తింపు ఎలా వస్తుంది?

డిగ్రీలో ఎన్‌ఎస్‌ఎస్‌లో (జాతీయ సేవా పథకంలో) చేరితే సర్టిఫికెట్ తప్ప వేరే గుర్తింపు ఉంటుందా అని అడిగారు. ఉంటుంది. సర్టిఫికెట్‌కైతే ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటల సేవ, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం పూర్తిచేయాలి. ఊళ్లో ఉండి చేసే ఆ శిబిరంలోనే నాయకత్వం నిజంగా బయటపడుతుందని నా నమ్మకం. వంట సరుకులు లెక్కవేయాలి, పనులు పంచాలి, ఊరి పెద్దలతో మాట్లాడి ఒప్పించాలి. ఆపైన జాతీయ ఎన్‌ఎస్‌ఎస్ అవార్డులున్నాయి. 1969లో మొదలైన ఈ పథకానికి పాతికేళ్లు నిండే వేళ, 1993-94లో కేంద్రం వీటిని నెలకొల్పింది. వాలంటీర్లతోపాటు కాలేజీలో ఈ పథకాన్ని నడిపించే ప్రోగ్రామ్ ఆఫీసర్లకు, విశ్వవిద్యాలయాలకూ ఇస్తారు. ఎంపికలో చూసేది చేసిన పనినే. అందుకే నాటిన మొక్కలు, నడిపిన రక్తదాన శిబిరాలు మొదటి రోజు నుంచే తేదీలతో డైరీలో రాసుకోండి, ఫొటోలు దాచుకోండి.